వాచ్‌మెన్: బొమ్మ బొమ్మా దింపినా సినిమాలో ప్రాణం లేదెందుకు?

కోఠి_కామిక్స్
నిన్న రాత్రి మూడోసారి చూశాను, మూడోసారీ అదే వెలితి. వాచ్‌మెన్ అనే ముసుగు వీరుల కామిక్ నుంచి 2009లో జాక్ స్నైడర్ తీసిన సినిమా గురించి. నేను కామిక్ చదివింది ఇంజనీరింగ్ రెండో ఏట, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో దొరికింది. అట్ట చిరిగిపోయి ఉంది కానీ పన్నెండు సంచికలూ ఉన్నాయి. ఆ వారం క్లాసుల మొహం చూడలేదు.

సినిమాలో ఫ్రేములన్నీ అవే. కమెడియన్ అనే ముసుగు వీరుడు కిటికీలోంచి పడటం, పసుప్పచ్చ స్మైలీ బిళ్ల మీద నెత్తుటి మరక, రోర్షాక్ అనే ఇంకో వీరుడి డైరీలో మాటలు, అంగారకుడి మీద గాజు కోట. కొన్ని చోట్ల కామిక్ పక్కన పెట్టుకుని చూస్తే కెమెరా కోణం కూడా అదే. ఇంత భక్తితో తీసిన సినిమా ఇంకోటి చూపించండి. అయినా పుస్తకం మూసినప్పుడు గుండెలో ఉండిపోయిన బరువు సినిమా అయ్యాక ఎందుకు లేదు?

అదే 2019లో హెచ్‌బీఓలో డేమన్ లిండెలాఫ్ చేసిన తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్ అసలు కామిక్ కథ మళ్లీ చెప్పనే లేదు. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, వేరే ఊరు, వేరే మనుషులు. కానీ అది చూస్తుంటే ఆ ఫుట్‌పాత్ పుస్తకం మొదటిసారి తెరిచినట్టే ఉంది. ఇదెలా? నాకు నిజంగా అర్థం కావట్లేదు, అందుకే అడుగుతున్నా.

ప్యానెల్_పిచ్చి
స్క్విడ్ తీసేశారు కాబట్టి.

మేఘన_ఫస్ట్‌షో
నేను కామిక్ చదవలేదు, నేరుగా సినిమాయే చూశాను, నాకు బాగా నచ్చింది. ముఖ్యంగా టైటిల్స్. బాబ్ డిలన్ పాట వస్తుంటే ముసుగు వీరుల నలభై ఏళ్ల చరిత్ర అంతా నిలబడిపోయిన ఫొటోల్లా ఒక్కొక్కటీ కదులుతుంది కదా, అక్కడే నేను పడిపోయాను. చదివినవాళ్లు సినిమాని సినిమాగా ఎందుకు చూడరు? ప్రతిదానికీ "పుస్తకంలో అలా లేదు" అంటారు. ఇప్పుడు "పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అని కూడా ఫిర్యాదేనా?

ఇంతకీ స్క్విడ్ ఏంటి?

కోఠి_కామిక్స్
@మేఘన_ఫస్ట్‌షో స్పాయిలర్, ఇష్టం లేకపోతే ఈ పోస్టు దాటేయండి.

కామిక్ చివర్లో ఓజిమాండియస్ అనే మాజీ ముసుగు వీరుడు న్యూయార్క్ నడిబొడ్డున ఒక భయంకరమైన జీవిని దింపుతాడు, అదే స్క్విడ్. అది వేరే లోకం నుంచి వచ్చిందని జనం నమ్మాలి, అమెరికా, రష్యా కొట్లాట మానేసి ఒకటి కావాలి, అదీ అతని ప్లాన్. లక్షల మంది చచ్చిపోతారు. సినిమాలో ఆ జీవి లేదు, డాక్టర్ మాన్‌హాటన్ అనే అతీత శక్తులున్న వీరుడి శక్తితో నగరాలు పేల్చి నింద అతని మీద వేస్తారు.

ఇక మీరన్న టైటిల్స్ మాట నిజం. సినిమాలో నాకూ అన్నిటికంటే నచ్చింది అవే. అవి కామిక్‌లో ఆ రూపంలో లేవు. అక్కడక్కడా చెదురుమదురుగా చెప్పిన సంగతుల్ని స్నైడర్ తనే ఒక వరుసగా పేర్చుకున్నాడు. మీరు ఈ మాట అనేదాకా నాకు తట్టలేదు, దింపని చోటే బాగుంది ఆ సినిమా.

ప్యానెల్_పిచ్చి
ఇందాక ఒక్క ముక్కలో తేల్చేశాను, ఇప్పుడు తీరిక దొరికింది. నిజానికి స్క్విడ్ పోయినా నాకు పెద్ద బాధ లేదు. ముగింపు మార్చుకోవచ్చు. పోయింది వేరే.

వాచ్‌మెన్ పేజీ తెరిస్తే ఎక్కువగా తొమ్మిది గళ్లు. మూడు అడ్డం, మూడు నిలువు. డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసింది ఆ గళ్లలో. పదకొండు సంచికలు ఆ గళ్ల లయ మన కళ్లకి అలవాటు చేస్తారు, గడియారం టిక్ టిక్ లాగ. పన్నెండో సంచిక తెరవగానే పేజీకి ఒకటే బొమ్మ. శవాలు. పేజీ తిప్పితే మళ్లీ ఒకటే బొమ్మ. మళ్లీ శవాలు. అలా ఆరు పేజీలు. ఒక్క మాట లేదు. గళ్లు పగిలిపోవడమే అక్కడ బాంబు పేలడం. సినిమాలో తెర మొదటి నుంచీ ఒకటే సైజు, దాన్ని దేనితో పగలగొడతారు?

ఇంకోటి. అయిదో సంచిక. మొదటి పేజీ గళ్ల అమరిక చివరి పేజీకి అద్దంలో బొమ్మ. రెండో పేజీ చివరి నుంచి రెండో దానికి. అలా రెండు వైపుల నుంచీ నడుచుకుంటూ వచ్చి మధ్యలో 14, 15 పేజీల దగ్గర కలుస్తాయి. సంచిక పేరే 'ఫియర్‌ఫుల్ సిమెట్రీ'. నేను మూడుసార్లు చదివాక ఎవరో చెబితే గాని గమనించలేదు. చెప్పాక వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాను. పుస్తకం కాబట్టి తిప్పగలిగాను. థియేటర్లో ఎవరు వెనక్కి తిప్పుతారు?

ఫ్రేము దింపారు సరే, పేజీ దింపలేదు.

రోటో_రాత్రులు
నేను హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్‌లో ఆరేళ్లు రోటో చేశాను. తెలియనివాళ్లకి: నటుడి చుట్టూ ప్రతి ఫ్రేములోనూ గీత గీసి వెనకున్నదాని నుంచి వేరు చేయాలి, సెకనుకి 24 ఫ్రేములు, జుట్టు ఎగురుతుంటే నరకం. విదేశీ సిరీస్‌ల పని కూడా చేశాం. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటే. సినిమా వాళ్లు డబ్బుతో తీసేదాన్ని టీవీ వాళ్లు బుర్రతో తీస్తారు, ఎందుకంటే వేరే దారి లేదు.

స్టార్ ట్రెక్‌లో మనుషులు మెరిసి మాయమై గ్రహం మీద తేలడం ఎందుకొచ్చింది? 1966లో వారం వారం ఓడ గ్రహం మీద దిగడం చూపించడానికి బడ్జెట్ చాలలేదు. అందుకని మనిషిని మెరిపించేశారు. సైన్స్ ఫిక్షన్‌లో అందరికీ తెలిసిన యంత్రాల్లో ఒకటి డబ్బు లేక పుట్టింది! అలాగే 2015 డేర్‌డెవిల్ రెండో ఎపిసోడ్ చివర్లో కారిడార్ ఫైట్ చూడండి. ఒక వరండా, రెండు వైపులా గదులు, కెమెరా ముందుకీ వెనక్కీ జరుగుతుంది, సగం ఫైట్ గదుల్లో జరుగుతుంది, మనకి చప్పుడే వినిపిస్తుంది. హీరో అలిసిపోయి గోడకి ఆనుకుంటాడు. నాకు తెలిసి కోట్లు పోసిన ఏ సూపర్ హీరో ఫైట్‌లోనూ ఆ ఆయాసం లేదు.

కాబట్టి @కోఠి_కామిక్స్, అన్నీ తీయగలిగే స్తోమత ఉంది కాబట్టి అన్నీ తీశారు. అదే సమస్య అనుకుంటా.

కార్ల్_కోసం
టీవీ అంటే గొప్ప అన్నట్టు మాట్లాడుతున్నారు, నా గాయం ఎవరికి చెప్పుకోవాలి?

వాకింగ్ డెడ్ అనే జాంబీల కామిక్ 193 సంచికలు, 2003 నుంచి 2019 దాకా. సిరీస్ 2010 నుంచి 2022 దాకా, 177 ఎపిసోడ్లు. రెండూ మొదటి నుంచీ చివరిదాకా చదివాను, చూశాను. ఆ కామిక్ అంతా ఒక తండ్రి తన కొడుకుని బతికించుకుని మనిషిగా పెంచడం. చివరి సంచికలో ఆ కొడుకు కార్ల్ పెద్దవాడై, కూతురికి తండ్రై ఉంటాడు. పదహారేళ్ల కథ ఆ ఒక్క చోటికి రావడానికే నడిచింది. సిరీస్‌లో ఎనిమిదో సీజన్‌లో కార్ల్‌ని చంపేశారు. అయిపోయింది. ఇక ఆ కథ ఎవరిది? మిగిలిన మూడు సీజన్లూ అలవాటు కొద్దీ చూశాను అంతే.

మార్చొద్దని కాదు. డేరిల్ కామిక్‌లో లేనే లేడు, సిరీస్ కోసం పుట్టించారు, నాకు ప్రాణం. కొత్తవాణ్ని తెచ్చుకోండి, సీన్లు అటూ ఇటూ చేసుకోండి. ఇల్లు ఏ దూలం మీద నిలబడిందో ఆ దూలం మాత్రం పీకొద్దు.

ప్యానెల్_పిచ్చి
@కార్ల్_కోసం దూలం మాట బాగా చెప్పారు. మీ హ్యాండిల్ ఇప్పుడు అర్థమైంది.

బెజవాడ_బ్యాట్
సీన్లు అటూ ఇటూ చేయడం అంటే ఇన్విన్సిబుల్, ఒక సూపర్ హీరో తండ్రీ కొడుకుల కథ. కామిక్‌లో తండ్రి అసలు స్వరూపం బయటపడేది ఏడో సంచికలో. 2021 యానిమేషన్ సిరీస్‌లో అది మొదటి ఎపిసోడ్ చివరికి తెచ్చేశారు. పేర్లు పడిపోయాయి, అయిపోయింది అనుకుని రిమోట్ తీసుకుంటుంటే మొదలవుతుంది. నేను అలా సోఫాలో రిమోట్ పట్టుకుని ఉండిపోయాను.

కామిక్‌లో అది షాక్. సిరీస్‌లో అది టెన్షన్, ఎందుకంటే ఆ తర్వాత ప్రతి భోజనాల బల్ల సీన్‌లోనూ నాన్న ఎవరో మనకి తెలుసు, కొడుక్కి తెలీదు. తల్లి డెబీకి అనుమానం మొదలవుతుంది, ఆవిడ ఒక్కతే వెతుక్కుంటూ పోతుంది. ఆ పాత్ర కామిక్ కంటే సిరీస్‌లోనే నిండుగా ఉంది, ఇది నేను కామిక్ అభిమానిగానే ఒప్పుకుంటున్నా. రాసిన రాబర్ట్ కిర్క్‌మన్ తనే సిరీస్‌లో ఉన్నాడు కాబట్టి ధైర్యంగా మార్చుకున్నాడేమో. అదే కిర్క్‌మన్ వాకింగ్ డెడ్ కూడా అని @కార్ల్_కోసం గారికి గుర్తు చేయను.

కార్ల్_కోసం
చేశారుగా.

డల్లాస్_దత్తు
ఎవరూ ఎత్తని మాట ఒకటి. ఎదురుచూపు.

ఇక్కడ మా ఇంటి దగ్గర కామిక్స్ షాపులో బుధవారం కొత్త సంచికలు వస్తాయి. నేను వచ్చిన కొత్తలో ఎవరూ తెలీదు, బుధవారం సాయంత్రం ఆ షాపుకి వెళ్లడమే నా వారం. ఇరవై రెండు పేజీలు చదివి నెల ఆగాలి. ఆ నెలంతా ఏం జరుగుతుందో ఊహించుకోవడం, షాపులో నిలబడి వాదించుకోవడం. 2019లో వాకింగ్ డెడ్ 193 వచ్చినప్పుడు అదే ఆఖరిదని ముందు ఎవరికీ చెప్పలేదు, రాని సంచికలకి కూడా అట్టబొమ్మలు ప్రకటించి ఉంచారు. చేతిలోకి తీసుకుంటే లావుగా ఉంది, అప్పుడు గాని తెలీలేదు. షాపాయన, నేను కౌంటర్ దగ్గర మొహమొహాలు చూసుకున్నాం.

సినిమా రెండున్నర గంటల్లో ఊడ్చేస్తుంది. వారానికో ఎపిసోడ్ మాత్రం ఆ ఆగడాన్ని తిరిగి ఇస్తుంది. హెచ్‌బీఓ వాచ్‌మెన్ తొమ్మిది వారాలు చూశాను. ఒక్క రాత్రిలో చూసి ఉంటే మీరన్న బరువు నాకూ ఉండేది కాదు. సీజన్ మొత్తం ఒకేరోజు పడేయడం కామిక్ కథలకి చేసే అన్యాయం అని నా గట్టి నమ్మకం.

మేఘన_ఫస్ట్‌షో
@డల్లాస్_దత్తు దీనికి మాత్రం ఒప్పుకోను. మీకు బుధవారం సాయంత్రాలు ఉన్నాయి. నాకు ఇద్దరు పిల్లలు, షిఫ్టు డ్యూటీ, దొరికేది నెలకి ఒక శనివారం రాత్రి. ఆ రాత్రి నాకు మొత్తం కావాలి. 2020లో ద బాయ్స్ రెండో సీజన్ మూడు ఎపిసోడ్లు ఇచ్చి మిగతావి వారానికొకటి అంటే ఎంతమంది కోపంతో తక్కువ రేటింగ్ ఇచ్చారో గుర్తుందా? నేను రేటింగ్ జోలికి పోలేదు కానీ వాళ్ల బాధ అర్థమైంది. నేను చూసేసరికి ప్రపంచమంతా మాట్లాడేసుకుని అయిపోయింది, ఎక్కడ చూసినా స్పాయిలర్లే.

డల్లాస్_దత్తు
నిజమే మేఘన గారూ, తీరిక ఉన్నవాడి మాట మాట్లాడాను. అయినా ఆ సీజన్ మొత్తం ఒకేసారి వచ్చి ఉంటే ప్రపంచం మీకంటే ముందే నాలుగు రోజుల్లో మాట్లాడేసుకుని ఉండేది కదా, అయిదు వారాలు కాకుండా.

మేఘన_ఫస్ట్‌షో
అది ఆలోచించాలి.

పాత_చందమామ
పిల్లలు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నాను. నేను స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఎనభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ వచ్చేది. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒకటే. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు, స్పాక్ అనే పాత్ర మొనదేలిన చెవులు మాత్రం అర్థమయ్యేవి. కరెంటు పోతే ఆ కథ ఇక జన్మలో తెలీదు, మళ్లీ చూసే మార్గం లేదు. పోయిన ముక్కని మేమే కల్పించుకునేవాళ్లం. సోమవారం స్కూల్లో ఒక్కొక్కడిదీ ఒక్కో ముగింపు.

చందమామ సీరియల్ కూడా అంతే. నెలాఖరుకి కథానాయకుణ్ణి ఏ లోయ అంచునో వదిలేసేవారు. చిత్రా గారి బొమ్మలో ఆ మృగం నోరు తెరిచి ఉండేది, నెలంతా అలాగే తెరుచుకుని ఉండేది మా మనసుల్లో. దత్తు చెప్పిన ఎదురుచూపు నాకు బాగా తెలుసు. కానీ మేఘనమ్మ చెప్పిందీ నిజమే, ఆ రోజుల్లో మా అమ్మ ఏనాడూ ఆ టీవీ ముందు పూర్తిగా కూర్చోలేదు. వంటింట్లోంచి వింటూ ఉండేది.

మేఘన_ఫస్ట్‌షో
మాస్టారూ, ఆ చివరి వాక్యానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోటో_రాత్రులు
మాస్టారు చెప్పిన కరెంటు పోవడం లాంటిదే 2002లో ఫైర్‌ఫ్లై అనే అంతరిక్ష సిరీస్‌కి జరిగింది, ఛానెలే చేసింది. పాత్రల్ని పరిచయం చేసే రెండు గంటల మొదటి ఎపిసోడ్‌ని డిసెంబర్‌లో అన్నిటికంటే ఆఖర్న వేశారు. తీసినవి పద్నాలుగు, ప్రసారమైనవి పదకొండు. ఎవరెవరో తెలీకుండా కథలోకి తోస్తే జనం ఎలా చూస్తారు?

దీనికి విరుగుడు ఎక్స్‌పాన్స్ అనే అంతరిక్ష సిరీస్. కామిక్ కాదు, నవలలు. 2018లో మూడు సీజన్ల తర్వాత ఆపేస్తే అభిమానులు అమెజాన్ స్టూడియో మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగరేశారు. అమెజాన్ తీసుకుని ఆరు సీజన్లు పూర్తి చేసింది. అందులో ఓడలు చూడండి. అంతస్తులు ఒకదాని మీద ఒకటి, అపార్ట్‌మెంట్‌లా, ఇంజిన్ అడుగున. ఇంజిన్ తోస్తున్నంతసేపే కాళ్లు నేలమీద ఉంటాయి, ఆపితే తేలతారు. సగం దారి వెళ్లాక ఓడని వెనక్కి తిప్పి వేగం తగ్గిస్తారు. మాస్టారు క్లాసులో చూపించాల్సింది.

పాత_చందమామ
రిటైరయ్యాక చూశాను నాయనా. ఓడ తిరిగే సీను మనవడికి గిన్నెలో నీళ్లు తిప్పి చెప్పాను, నేలంతా నీళ్లయ్యాయి.

హక్కు_దారు
చర్చ పక్కకి పోయింది, అసలు విషయానికి వస్తాను. అందరూ హెచ్‌బీఓ సిరీస్‌ని మెచ్చుకుంటున్నారు. అసలు అది తీయొచ్చా? కామిక్ ప్రింటు ఆగిపోయాక హక్కులు తిరిగి దాన్ని రాసిన ఆలన్ మూర్, బొమ్మలేసిన గిబ్బన్స్‌లకి రావాలని ఒప్పందం. అది నాలుగు దశాబ్దాలుగా ప్రింటు ఆగలేదు కాబట్టి హక్కులు రానే లేదు. మూర్ సినిమాలో తన పేరు వద్దన్నాడు, డబ్బు కూడా వద్దన్నాడు. సృష్టించినవాడు వద్దని మొత్తుకుంటుంటే, ఎంత బాగా తీస్తే మాత్రం? నేను సిరీస్ చూడలేదు, చూడను.

కోఠి_కామిక్స్
@హక్కు_దారు మీ మాట నాకు తగిలింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మూర్‌కి అన్యాయం జరిగింది, అందులో రెండో మాట లేదు. ఆ సిరీస్‌ని ఇష్టపడుతున్నప్పుడల్లా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. మీరు చూడకపోవడాన్ని గౌరవిస్తాను.

కానీ అందరి పోస్టులూ చదివాక నా మొదటి ప్రశ్నకి ఏదో దొరికినట్టుంది. చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి, పెద్ద స్పాయిలర్.

కామిక్‌లో హుడెడ్ జస్టిస్ అని మొట్టమొదటి ముసుగు వీరుడు ఉంటాడు. ముఖం మొత్తం ముసుగు, మెడలో ఉరితాడు. ఎవరో ఖాయంగా చెప్పరు. నేను ఇన్నిసార్లు చదివి ఆ ఉరితాడుని ఒక అలంకారం అనుకున్నాను. సిరీస్ ఆ ఒక్క తాడు పట్టుకుని అడిగింది: 1930ల అమెరికాలో మెడలో ఉరితాడు వేసుకుని, ఒళ్లంతా కప్పుకుని తిరగాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? నల్లజాతి పోలీసు విల్ రీవ్స్. 1921లో తుల్సాలో నల్లజాతివాళ్ల పేట గ్రీన్‌వుడ్ తగలబడినప్పుడు తప్పించుకున్న పిల్లవాడు. తోటి పోలీసులే అతన్ని చెట్టుకి ఉరేసి, ఊపిరి పోయేముందు దించుతారు. ఇంటికి నడిచొస్తూ దారిలో ఆ తాడుతోనే మొదటిసారి ముసుగు వేసుకుంటాడు. ఆరో ఎపిసోడ్, ఎక్కువ భాగం నలుపు తెలుపు. ఆ ఎపిసోడ్ అయ్యాక కామిక్ తీసి మళ్లీ హుడెడ్ జస్టిస్ ఉన్న పేజీలన్నీ చూశాను. ఒక్క గీత మారలేదు, బొమ్మ మొత్తం మారిపోయింది.

కామిక్‌లో గడికీ గడికీ మధ్య తెల్ల సందు ఉంటుంది కదా. కథలో సగం అక్కడే జరుగుతుంది, మనమే నింపుకుంటాం. మాస్టారు కరెంటు పోయినప్పుడు నింపుకున్నట్టు. సినిమా గళ్లన్నీ తీసుకుని సందులు వదిలేసింది. సిరీస్ ఆ సందుల్లోకి వెళ్లి కూర్చుంది.

ప్యానెల్_పిచ్చి
ఇది నేను రాసి ఉండాల్సిన పోస్టు. అసూయగా ఉంది.

కార్ల్_కోసం
ఈ లెక్కన చూస్తే మా వాళ్లు సందులో కాదు, గడిలోనే చెయ్యి పెట్టారు. సరే, ఇక బాధపడను. ఈ రోజుకి.

హక్కు_దారు
తాడు సంగతి తెలీదు. సిరీస్ ఇప్పటికీ చూడను కానీ, ఆ పేజీలు మళ్లీ తీసి చూస్తాను.

మేఘన_ఫస్ట్‌షో
ఈ చర్చ మొదలైనప్పటి నుంచీ చదువుతున్నాను, కామిక్ కొనేశాను. పిల్లలు పడుకున్నాక రోజుకొక సంచిక. దత్తు గారూ, మీ మాట వింటున్నట్టే, వారానికొకటి కాకపోయినా. నిన్న అయిదోది. 14, 15 పేజీలు పక్కపక్కన తెరిచిపెట్టి రెండు వైపులా వేళ్లు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ వెళ్లాను. మా ఆయన లేచి వచ్చి ఏం చేస్తున్నావు అన్నాడు. చెప్పాను. ఆయన కూడా కూర్చున్నాడు.

ఈ రాత్రికి ఆరోది.

ప్యానెల్_పిచ్చి
ఆరోది రాత్రి వద్దు. పగలు చదవండి.

కోఠి_కామిక్స్
అవును మేఘన గారూ, పగలే. ఇంట్లో కుక్క ఉంటే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అసలే వద్దు.